నార్మలైజేషన్‌ని బట్టీ పట్టించొద్దు

ఎడిటర్ గారికి,

నేను డిగ్రీ పిల్లలకు డేటాబేస్ పాఠం చెబుతాను. అందులో నార్మలైజేషన్ అంటే, ఒకే సమాచారం పదిచోట్ల రాయకుండా పెద్ద టేబుల్‌ని చిన్న టేబుళ్లుగా విడగొట్టడం. మొన్న ఫైనలియర్ అమ్మాయిని అందులో మూడో మెట్టయిన థర్డ్ నార్మల్ ఫారం అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్పింది, ఒక టేబుల్ ఇచ్చి విడగొట్టమంటే మాత్రం పెన్ను కదల్లేదు. తప్పు ఆ పిల్లది కాదు, మనం చెప్పే పద్ధతిది.

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో సమాచారాన్ని టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదించిన వ్యాసంలోనే నార్మలైజేషన్ గురించి రాశాడు. ఒక విషయం ఒక్క చోటే ఉండాలి, అసలు సంగతి అంతే. నేనిప్పుడు కిరాణా కొట్టు ఖాతా పుస్తకంతో మొదలుపెడుతున్నాను. ప్రతి వరుసలో బిల్లు నంబరు, కొన్నవాళ్ల పేరు, ఫోను, సరుకు, ధర. ఒకాయన ఫోన్ నంబరు మారితే నలభై వరుసల్లో దిద్దాలి, రెండు మర్చిపోతే ఇక ఏది సరైనదో ఎవరికీ తెలీదు. ఒక్కసారే కొన్న ఆవిడ బిల్లు తీసేస్తే ఆవిడ ఫోన్ నంబరూ పోతుంది. ఇది కళ్లారా చూశాక పిల్లలే "సార్, కస్టమర్లకి వేరే టేబుల్ పెడదాం" అంటారు! ఆ తర్వాత ఫస్ట్, సెకండ్, థర్డ్ అని పేర్లు చెబితే ఇట్టే బుర్రకెక్కుతాయి.

ధర దగ్గర మాత్రం జాగ్రత్త. దాన్ని సరుకుల టేబుల్లో మాత్రమే ఉంచితే కందిపప్పు రేటు పెరిగిన రోజున పాత బిల్లులన్నీ తప్పుగా కనిపిస్తాయి, అమ్మిన నాటి ధర బిల్లుతోనే ఉండాలి. మా క్లాసులో దీనిమీదే అరగంట వాదించుకున్నాం.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: నిర్వచనాలు అడగడం తగ్గించి, చిందరవందరగా ఉన్న ఒక టేబుల్ ఇచ్చి సరిచేయమనండి.

ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్