సంక్రాంతి అరిసెల సంగతి, ఏప్రిల్ ఒకటి నుంచి మా బిల్లుల సంగతి

బెంగళూరు మారతహళ్ళిలో మా పిండివంటల కొట్టుకి ఏళ్ళ తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

ఈ సంక్రాంతికి అడ్వాన్సు కట్టి కూడా కొంతమందికి అరిసెలు పండగ వెళ్ళాక అందాయి. ముగ్గురికి అసలు అందలేదు. ఒకావిడ కూతురికి పెళ్ళయ్యాక ఇదే మొదటి పండగ. ఇంట్లో కొత్త అల్లుడిని పెట్టుకుని, ఖాళీ స్టీలు డబ్బాతో మా మెట్ల మీద కాసేపు నిలబడి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ రోజు కౌంటరు దగ్గర మీకు "సిస్టం ప్రాబ్లం" అని చెప్పి పంపించాం. అది సరైన జవాబు కాదు. జరిగింది చెప్తాను.

2022 సెప్టెంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్లలో ఆఫీసులకి వెళ్ళారు జనం. అప్పుడే మా కౌంటరు కింద కంప్యూటర్ మునిగి, రెండేళ్ళ లెక్కలు నీళ్ళపాలయ్యాయి. తర్వాత రెండేళ్ళు చేతి బిల్లులతో నెట్టుకొచ్చాం. చివరికి 2025 జనవరిలో, మా అమ్మాయి పోరు పడలేక, నెట్‌లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఏడాది చందా కట్టాం. లెక్కలన్నీ క్లౌడ్‌లో, అంటే నెట్‌లో వాళ్ళ దగ్గరే ఉంటాయి, ఇంక ఏ వాన వచ్చినా భయం లేదన్నారు.

మేలు జరగలేదని అనను. 2025 జూలైలో యూపీఐ లెక్కలు చూసి కమర్షియల్ ట్యాక్స్ వాళ్ళు చిన్న కొట్లకి నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో ఎన్నిచోట్ల "క్యాష్ మాత్రమే" అని అట్టముక్కలు వేలాడాయో చూశారుగా. మా ఆడిటర్ గారు అడిగిన కాగితాలన్నీ అరగంటలో ఇచ్చి నిద్రపోయాను. సెప్టెంబరు 22న ప్యాకెట్ జంతికలు, చేగోడీల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు కూడా తెల్లారేసరికి కొత్త రేట్లు బిల్లులో ఉన్నాయి. ఆ సుఖం చూసే అడ్వాన్సు ఆర్డర్లు కూడా అందులోనే ఎక్కించాను. పొరపాటు అక్కడ జరిగింది.

చందా మొదటి ఏడాది 11,999. జీఎస్టీతో కలిపి 14,159 రూపాయలు. ఈ ఏడాది వాళ్ళు దాన్ని 14,999 చేశారు, ట్యాక్సుతో 17,699. పెంచిన సంగతి ఒక మెయిల్‌లో రాశారట, మేం చూడలేదు. పెంచినందుకు కాదు నా బాధ. కార్డు నుంచి దానంతటదే కట్ అయ్యే డబ్బు 15,000 దాటితే ఓటీపీ ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన. పోయిన ఏడాది మొత్తం ఆ గీత లోపలే ఉంది, ఈసారి దాటింది. బ్యాంకు మెసేజ్ మా వారి ఫోన్‌కి వచ్చింది. పండగ ఆర్డర్ల మెసేజ్‌ల మధ్య ఎక్కడో అడుగున పడిపోయింది, ఓటీపీ ఇవ్వక డబ్బు కట్ కాలేదు. చూడకపోవడం మా తప్పే, ఒప్పుకుంటున్నాను.

జనవరి 10, శనివారం సాయంత్రం ఏడు దాటింది. అరిసెలకి బియ్యం ఎంత నానబొయ్యాలో చూద్దామని ఆర్డర్ల పేజీ తెరిచాను. తెల్లటి తెర, మధ్యలో "మీ ప్లాన్ గడువు ముగిసింది", కింద డబ్బు కట్టమని ఒక నీలం బటన్. అంతే. వెంటనే కట్టేశాం. డబ్బు పోయింది గానీ తాళం తెరుచుకోలేదు. కస్టమర్ కేర్‌లో అబ్బాయి ప్లాన్ మారింది కాబట్టి చేత్తో యాక్టివేట్ చేయాలని, ఆ పని చేసేవాళ్ళు సోమవారం వస్తారని చెప్పాడు. లిస్టు ఒక్కటి చూపించు బాబూ, పండగ నాలుగు రోజుల్లో ఉంది అని బతిమాలాను. "పాలసీ లేదు మేడం" అన్నాడు.

అరిసెల పని తెలిసినవాళ్ళకి నా కంగారు అర్థమవుతుంది. బియ్యం నానాలి, వడేసి తడి ఆరకముందే పిండి పట్టించాలి, ఆ పూటే పాకంలో పడాలి. ఎన్ని కిలోలో తెలియకుండా నానబోస్తే మిగిలిన పిండి పులుస్తుంది, తక్కువైతే మళ్ళీ మొదటికి రావాలి. గుర్తున్నంత వరకు లెక్కేసి నలభై కిలోలు పోశాను. చాలలేదు. రాత్రంతా మా వారు యూపీఐ చరిత్ర తీసి అడ్వాన్సు పంపిన ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. అందులో పేరు, డబ్బు ఉంటాయి గానీ నువ్వుల అరిసెలో, గసగసాలవో ఉండదు. భర్త ఫోన్ నుంచి డబ్బు వేసి భార్య ఆర్డర్ చెప్పిన ఇళ్ళు ఎన్నో. సోమవారం మధ్యాహ్నం లిస్టు తెరుచుకునేసరికి సగం మందికి మాట తప్పాం.

ఇరవై రెండేళ్ళ వ్యాపారంలో నా ఆర్డర్ల పుస్తకం నేను తెరవడానికి ఇంకొకరి అనుమతి కావలసి రావడం ఇదే మొదటిసారి. ఆ రెండు రోజులు నాకు ఇంకా మింగుడు పడటం లేదు.

తర్వాత ఏం చేయాలన్నది నెల రోజులు తేలలేదు. రోజుకి యాభై రూపాయలు కూడా పడదు, ఓటీపీ సంగతి ఇప్పుడు తెలిసింది, ఇక ఇలా జరగదు అంటుంది మా అమ్మాయి. మళ్ళీ నీళ్ళొస్తే ఏం చేస్తావమ్మా అని కూడా అడిగింది. ఆ ప్రశ్నకి చాలా రాత్రులు నా దగ్గర జవాబు లేదు. ఒకరోజు మొత్తం లెక్కలు డౌన్‌లోడ్ చేసి చూశాను. పేర్లు, నంబర్లు, బిల్లుల మొత్తాలు వచ్చాయి. "బెల్లం తక్కువ", "షుగర్ ఉంది, సున్నుండలు పంపొద్దు", "జంతికల్లో వాము ఎక్కువ" అని ఏడాది పాటు ఒక్కొక్కరి గురించి నేను టైపు చేసుకున్నవి ఒక్కటీ రాలేదు. నేను అవి రాసుకున్న గడి డౌన్‌లోడ్‌లో ఉండదట. అప్పుడే నిర్ణయం అయిపోయింది.

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రంగా ఉంచాలి. అంటే చందా ఆపినా ఆరేళ్ళ పాటు పాత బిల్లు అడిగితే తీసి చూపించాలి. మీలోనూ కొట్లు నడిపేవాళ్ళున్నారు. రెండు మూడు బ్రాంచీలు ఉండి ఇంటి నుంచి చూసుకునేవాళ్ళకి చందా సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది, వద్దని చెప్పను. తీసుకునే ముందు మాత్రం, డబ్బు కట్టడం ఆపిన మర్నాడు నా లెక్కలు నాకు కనబడతాయా అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. నేను అడగలేదు.

ఏప్రిల్ ఒకటి నుంచి మా బిల్లింగ్ టాలీలోకి, అంటే మన కంప్యూటర్‌లోనే ఉండే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి మారుతుంది. దానికీ అప్‌డేట్ల కోసం ఏటా రెన్యువల్ ఉంటుంది, కానీ కొనుక్కున్న లైసెన్సు మనదే, రెన్యువల్ కట్టకపోయినా పాత లెక్కలు తెరుచుకుంటాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఇంకా తొమ్మిది నెలల చందా మిగులుతుంది. పోతే పోనీ, అక్కడ ఉండను. కంప్యూటర్‌ని నడుమెత్తు అరలో పెట్టించాను. రోజూ రాత్రి బ్యాకప్ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీసి, ఒకటి మూడో అంతస్తులో మా ఇంటికి తీసుకెళ్తాను. మీ ఫోన్ నంబర్లు అక్కడి నుంచి తీసేయమని ఆ కంపెనీకి రాసిచ్చాను, జవాబు కోసం వెంటపడుతున్నాను.

అందని ముగ్గురిలో ఇద్దరికి డబ్బు తిరిగి ఇచ్చేశాం. మూడో వారి నంబరు కలవడం లేదు. ఇది చూస్తే ఒక్కసారి రండి. ఆర్డర్ రుజువు ఏమీ అక్కర్లేదు, మీరు చెప్పిందే లెక్క.

ఉగాదికీ, వేసవి ఆవకాయ జాడీలకీ ఆర్డర్లు కాగితం పుస్తకంలోనే రాస్తున్నాం. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడిలో రాసుకున్నవన్నీ నేనూ మా అమ్మాయీ అయిదు రాత్రులు కూర్చుని, తెర మీద చూసి చేత్తో ఎక్కించాం. కారం ఎవరికెంత, వెల్లుల్లి ఎవరికి వద్దు, అన్నీ ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు మీ పేజీ తీసి చదివి వినిపిస్తాను. ఏదైనా తప్పు రాసి ఉంటే అక్కడే కొట్టేసి దిద్దుకుందాం.