సంక్రాంతి తర్వాత నేను దస్తావేజులు రాయను, మన షాపు కస్టమర్లందరికీ

అందరికీ నమస్కారం. తెనాలిలో మన షాపుకి నాన్నగారి రోజుల నుంచి వస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ మాట ఇంకెవరి నోటి నుంచో వినేకంటే నేనే చెప్తే బాగుంటుందని రాస్తున్నా. సంక్రాంతి అయ్యాక నేను దస్తావేజులు రాయడం ఆపేస్తున్నా, హైదరాబాదులో ఒక బ్లాక్‌చెయిన్ కంపెనీలో ఉద్యోగంలో చేరుతున్నా. బ్లాక్‌చెయిన్ అంటే ఒకే రికార్డుని చాలా కంప్యూటర్లలో ఉంచి, ఎవరూ చాటుగా మార్చకుండా చూసే పద్ధతి. షాపు మాత్రం మూసెయ్యట్లేదు. ఇన్నేళ్లుగా నాతో పాటు డ్రాఫ్టులు రాస్తున్న తమ్ముడే చూసుకుంటాడు, మీలో సగం మంది ఇప్పటికే నేరుగా అతన్నే అడుగుతున్నారు కాబట్టి మీకేం కొత్త కాదు.

ఎందుకు వెళ్తున్నావ్ అని అడిగేవాళ్లకి ఉన్నమాట చెప్తా. పని తగ్గింది. మోడల్ దస్తావేజులు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి, ఆస్తి మీద ఏ లావాదేవీలు రిజిస్టర్ అయ్యాయో చూపే ఈసీ ఇంట్లో కూర్చుని తీసుకుంటున్నారు, రిజిస్ట్రేషన్ స్లాట్ కూడా వాళ్లే బుక్ చేసుకుంటున్నారు, ఇది జనానికి మంచిదే, నాకేం బాధ లేదు. కానీ అదొక్కటే కారణం కాదు. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మేస్తే రెండోసారి కొన్నాయన భార్య మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బులు పోయి మా షాపు బల్ల ముందు కూర్చుని ఏడవడం చూశాను, అప్పట్నుంచి దీన్ని ముందే ఆపే దారి లేదా అని వెతుకుతూ వెతుకుతూ దీంట్లోకి వచ్చా. 2008లో సతోషి నకమోటో అన్న పేరుతో బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు గురించి వచ్చిన పేపర్ చదివితే అందులో ఉన్న చిక్కు కూడా ఇదే, ఒకే డబ్బుని రెండుచోట్ల ఖర్చుపెట్టకుండా ఆపడం ఎలా, అదీ మధ్యలో బ్యాంకు లేకుండా. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు, నిజంగా.

తర్వాత రాత్రిళ్లు షాపు కట్టేశాక కూర్చుని నేర్చుకున్నా. మొదట్లో చేసిన పని ఏంటంటే, ఒక పాత డ్రాఫ్టు తీసుకుని దాని హాష్ తీశా, అంటే కాగితంలో ఉన్నదాన్నిబట్టి కంప్యూటర్ లెక్కగట్టే ముద్ర, నేను వాడిన పద్ధతిని ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు, ఎన్ని పేజీల దస్తావేజైనా 64 అక్షరాల ముద్ర ఒకటి వస్తుంది. తర్వాత షెడ్యూల్లో సర్వే నంబరు 142/2 ఉన్నదాన్ని 142/3 అని మార్చి మళ్లీ తీశా. ఒక్క అంకె మారిస్తే ముద్ర మొత్తం మారిపోయింది, పాతదానికీ దీనికీ పోలికే లేదు. పేజీ మార్చి కుట్టేసిన నకిలీలు పట్టుకోవడానికి మనం భూతద్దం పెట్టుకుని సంతకాలూ స్టాంపులూ చూసేవాళ్లం కదా, ఇక్కడ అసలుదాని ముద్ర ముందే బ్లాక్‌చెయిన్లో ఎక్కి ఉంటే ఆ మార్పు క్షణంలో బయటపడుతుంది.

ఇంకోటి చెప్పాలి, నాకు దీంట్లో బాగా నచ్చింది ఇదే. రిజిస్టర్ అయిన దస్తావేజులో తప్పు దొర్లితే మనం కొట్టెయ్యలేం, దిద్దలేం. సవరణ దస్తావేజు రాసి, పాతదాని నంబరు, సంవత్సరం అందులో చెప్పి, మళ్లీ రిజిస్టర్ చేయిస్తాం. పాతది అలాగే ఉంటుంది, పక్కన కొత్తది చేరుతుంది. బ్లాక్‌చెయిన్లో కూడా అంతే, చెరపడం ఉండదు, కొత్త ఎంట్రీ చేర్చడమే. ఇంటర్వ్యూలో ఇది చెప్తే ప్రోగ్రామర్లు అక్కడే ఆగి సవరణ దస్తావేజు ఎలా ఉంటుందో బోర్డు మీద రాసి చూపించమన్నారు.

నా పని కోడింగ్ కాదు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకుంటే ఒరిజినల్స్ బ్యాంకులో పెడతాం కదా, ఆ కాగితాల రికార్డు బ్యాంకులు కలిసి చూసుకునే సిస్టమ్ వాళ్లు కడుతున్నారు. దస్తావేజులో ఏముండాలి, ఆస్తి ముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే లింకు డాక్యుమెంట్లు ఎలా కలపాలి, ఎక్కడ మోసం దూరుతుంది అని చెప్పేవాళ్లు కావాలి వాళ్లకి. వాళ్ల ఫారంలో సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్నాయి, నాలుగు హద్దులకి చోటే లేదు! తూర్పు హద్దు ఫలానావారి ఇల్లు అని రాసుంటే ఆ ఇల్లు చేతులు మారి ముప్పై ఏళ్లవుతుంది, ఇలాంటివి ఎవరైనా చెప్పాలి. తప్పుడు హద్దు ఎక్కిస్తే బ్లాక్‌చెయిన్ ఆ తప్పునే భద్రంగా దాస్తుంది, అది నిజమో కాదో దానికి తెలీదు. వాళ్లకి నా అవసరం అక్కడే.

దీన్ని కొత్త పిచ్చి అనుకోకండి. జార్జియా దేశం భూమి హక్కుల రికార్డులకి 2016లోనే ఇది మొదలుపెట్టింది, 2017లో మన ఆంధ్ర ప్రభుత్వం కూడా ఒక స్వీడన్ కంపెనీతో కలిసి భూమి రికార్డులకి వాడాలని చూసింది. 2025 నవంబర్లో బీహార్ రిజిస్ట్రేషన్ రూల్స్ కేసులో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కు ఖరారైపోదని గుర్తుచేసి, బ్లాక్‌చెయిన్‌తో ఈ పద్ధతి బాగుపడుతుందేమో చూడమని, చట్టాల మార్పుల మీద సలహాలిచ్చే లా కమిషన్‌కి చెప్పింది.

ఒక విన్నపం. విషయం తెలిసిన దగ్గర్నుంచి బిట్‌కాయిన్ లాంటివాటిలో ఏ కాయిన్ కొనమంటావ్ అని ఫోన్లు వస్తున్నాయి. నా ఉద్యోగానికీ కాయిన్లకీ సంబంధం లేదు, నేను ఏదీ చెప్పను, నా పేరు చెప్పి ఎవరైనా డబ్బులు అడిగితే దయచేసి ఇవ్వొద్దు. సొంత ఇష్టంతో కొనేవాళ్లు ఒకటి తెలుసుకోండి, 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం ట్యాక్సు, ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

ఇక మన పనులు. అడ్వాన్సు ఇచ్చినవాళ్ల డ్రాఫ్టులన్నీ నేనే పూర్తిచేసి వెళ్తా, రేటు మారదు. అగ్రిమెంట్ మీద సంతకాలై రిజిస్ట్రేషన్ ఆగినవాళ్లు గడువు తేదీ చూసుకుని ముందు రండి. రిజిస్టర్ అయిన ఒరిజినల్స్ కొన్ని ఇంకా మన బీరువాలోనే ఉన్నాయి, ఎక్కువగా అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లవి, భోగి లోపు ఎవరిదివాళ్లు వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లండి, రాలేనివాళ్లు ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిస్తా. పని అయిపోయినవాళ్ల ఆధార్, పాన్ జెరాక్సులు పండగ ముందే చించి కాల్చేస్తా. మీ డ్రాఫ్టు కాపీ కావాలంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, డబ్బులేం అక్కర్లేదు. ఆదివారాలు తెనాలిలోనే ఉంటా, లింకు డాక్యుమెంట్లలో అనుమానం ఉన్నవాళ్లు పొద్దున పదింటి తర్వాత షాపుకి రండి.