మ్యాట్లు తీసేస్తున్నాను

మన గోల్ఫ్ నెట్‌కి రోజూ వచ్చేవాళ్ళందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి ఎనిమిది బేల్లో (నిలబడి బంతి కొట్టే అరల్లో) ఏడింటిలో ఆకుపచ్చ మ్యాట్లు ఉండవు. ఇసుక ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టి ఊరుకుందామనుకున్నాను గానీ, మీలో కొందరు షెడ్డు కారే రోజుల నుంచీ వస్తున్నవాళ్ళు. ఎవరో చెప్పగా వినేకంటే నా నోటితో వినడమే మర్యాద. అదీకాక ఇందులో సప్లయర్ తప్పు ఎంత ఉందో నా తప్పూ అంతే ఉంది. నా వంతు తప్పు నేను కాకపోతే ఎవరు రాస్తారు?

దసరా సెలవుల్లో మనవాళ్ళు ఆరుగురు విశాఖ వెళ్ళి అసలు గోల్ఫ్ కోర్సు మీద, పచ్చిక మైదానంలో ఆడారు. నేనూ వెళ్ళాను. దాచడమెందుకు, శిష్యుల్ని నలుగురికీ చూపించుకుందామనే వెళ్ళాను. మేనేజరు గారు (బ్యాంకు నుంచి రిటైరై చాన్నాళ్ళైంది, మనకి మాత్రం ఎప్పటికీ మేనేజరు గారే) ఇక్కడ ఏడో నంబర్ ఐరన్‌తో, అంటే ఇనప తల ఉన్న కర్రతో, టక్కుమని కొడితే పక్క బే వాళ్ళు ఆగి చూస్తారు కదా. అక్కడ మొదటి షాట్ కొట్టారు. బంతి పది గజాలు పోయింది. మట్టిపెళ్ళ అంతకంటే దూరం పోయింది. పచ్చిక తడిగా ఉందన్నారు. రెండోదీ అంతే. మూడో హోల్ (బంతి వెయ్యాల్సిన గుంట) దాటేసరికి ఆరుగురిలో అయిదుగురు నేల దున్నుతున్నారు. ఆరో ఆయన దున్నుతానేమోనన్న భయంతో బంతి నెత్తిన కొడుతున్నారు, అది కుందేలులా నేలబారున పరుగు తీస్తోంది.

మేనేజరు గారి బ్యాగు మోస్తున్న క్యాడీ నా పక్కనే నడుస్తూ మెల్లగా అన్నాడు: "మ్యాట్ మీద నేర్చుకున్నట్టున్నారండి. ఎవరు నేర్పారో గానీ." ఆ ఎవరో నేనేనని అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు. కుర్రతనంలో వేరే రాష్ట్రంలో అయిదేళ్ళు నేనూ బ్యాగులు మోసినవాణ్ణే. మెంబర్ల స్వింగులు (కర్ర ఊపే తీరు) చూసి మేం వెనకాల నవ్వుకున్న మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

తిరుగు ప్రయాణంలో కార్లో ఎవరూ నోరు మెదపలేదు. ఆనందపురం దగ్గర టీకి ఆగినప్పుడు బట్టల కొట్టు బాబుగారే అడిగేశారు. "ఏటి మాస్టారూ, మన దగ్గర ఎలగ కొట్టీవోళ్ళం, ఇక్కడికొచ్చీసరికి ఇలగైపోనాదేటి?"

ఆయనకి ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఐరన్‌తో కొట్టేటప్పుడు క్లబ్బు, అంటే ఆ కర్ర, ముందు బంతిని తాకాలి, తర్వాత నేలని. స్వింగ్‌లో క్లబ్బు అన్నిటికంటే కిందికి దిగే చోటు బంతికి నాలుగు వేళ్ళు ముందు, అంటే కొట్టే దిక్కు వైపు ఉండాలి. అందుకే బాగా ఆడేవాళ్ళు కొట్టాక పచ్చిక లేచిన గుంట బంతి ఉన్న చోటికి అవతల కనిపిస్తుంది. మనవాళ్ళది నాలుగు వేళ్ళు వెనక పడుతోంది. నేల మీదైతే క్లబ్బు మట్టిలో దిగబడి చచ్చిపోతుంది. మ్యాట్ మీద దిగబడదు. పైన జారుకుంటూ వచ్చి బంతి కిందికి దూరుతుంది, బంతి చక్కగా లేస్తుంది, చప్పుడు కూడా బావుంటుంది. పైగా మనది నెట్. మూడు గజాలకే బంతి వలకి తగిలి కింద పడుతుంది, దాని మిగతా ప్రయాణం ఎవరికీ కనపడదు. అలా మీరు తప్పు కొట్టిన ప్రతిసారీ శెభాష్ అన్నది నేను.

ఇక ఆ మ్యాట్ల కథ. మూడేళ్ళుగా కడుపులో ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది మీకు గుర్తుండే ఉంటుంది. అదే రోజు సాయంత్రం నీరజ్ చోప్రా బంగారు పతకం కొట్టడంతో ఊరంతా బల్లెం మాటల్లో పడిపోయింది గానీ, పొద్దున్నంతా టీవీకి అతుక్కుపోయి చూసినవాణ్ణి నేను. మర్నాడే స్థలం వెతకడం మొదలుపెట్టాను. మరుసటి వేసవికి షెడ్డు లేచింది, ఉత్తరాది సప్లయర్ ఒకాయనకి ఎనిమిది మ్యాట్లు ఆర్డరిచ్చాను. ఆయన పంపిన శాంపిల్ ముక్క ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, వచ్చి చూడండి. బొటనవేలంత మందం, మూడు పొరలు. పైన గడ్డి, మధ్యలో మెత్తటి నురగ, అడుగున రబ్బరు. వేలితో నొక్కితే దిగి మళ్ళీ లేస్తుంది. డబ్బులో ముప్పాతిక ముందే కట్టించుకున్నాడు. లారీ దిగిన సరుకు చూస్తే మధ్య పొర లేదు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలా ఉంది.

ఫోన్ చేస్తే వచ్చే లాట్‌లో మారుస్తానన్నాడు. ఆ లాట్ రాలేదు. ఫొటోలు పంపాను, స్కేలు పెట్టి కొలిచి వీడియో పంపాను. బిల్లు తీసి చదువుకోమన్నాడు. బిల్లులో "గోల్ఫ్ మ్యాట్లు, 8" అని మాత్రమే ఉంది, మందం సంగతి లేదు. అది రాయించుకోకపోవడం నా బుద్ధి తక్కువ. ఏడాది దాటాక ఒక రోజు గట్టిగా అడిగితే నవ్వాడు. "విజయనగరంలోనా? అక్కడ గోల్ఫ్ ఎవరాడతారండీ, వాళ్ళకి ఇది చాలు" అన్నాడు.

చాలట! 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌ని ఇచ్చిన ఊరండీ ఇది. విజ్జీ (ఆ కెప్టెన్, విజయనగరం మహారాజకుమార్) కెప్టెన్సీ గురించి క్రికెట్ వాళ్ళు ఏమనుకున్నా నాకనవసరం. పక్కనే కొండవెలగాడ పిల్లలు బరువులెత్తి పతకాలు తెస్తున్నారు. మనకి పల్చటి మ్యాట్ చాలని వాడెవడు చెప్పడానికి? ఆ రోజు ఫోన్ పెట్టేశాక మళ్ళీ చేయలేదు. ఆ పంతంలోనే ఇంకో పెద్ద తప్పు చేశాను. ఇవే మ్యాట్ల మీద ఆటగాళ్ళని తయారుచేసి చూపిస్తానని మొండికేశాను. సిమెంటు గచ్చు మీద ఆ పల్చటి మ్యాట్ వేసి, మీ చేత వేల బంతులు కొట్టించాను. బాబుగారికి ఎడమ మోచెయ్యి మూడు వారాలు పీకింది. డాక్టరు టెన్నిస్ ఎల్బో అన్నారట. "గోల్ఫ్ ఆడితే టెన్నిస్ ఎల్బో ఏటండీ" అని అందరం నవ్వాం. నవ్వాల్సింది కాదు. దెబ్బ నేలకి తగిలిన ప్రతిసారీ ఆ అదురు నేరుగా మోచేతికే పోతుంది. పెద్దలు మణికట్టు, మోచెయ్యి నొప్పి ఏ కాస్త ఉన్నా మొహమాటపడకుండా చెప్పండి, తగ్గేదాకా మీ నెల ఆపి ఉంచుతాను.

మ్యాట్‌ది కాని తప్పు ఇంకోటి ఉంది, అది పూర్తిగా నాది. "తల ఎత్తొద్దు, బంతినే చూడు" అని రోజుకి వందసార్లు అరిచాను కదా. క్యాడీగా ఉన్నప్పుడు నేను విన్న పాఠం అదే. తల మేకు కొట్టినట్టు కదలకుండా ఉంచితే ఒంటి బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది. బరువు వెనక ఉంటే క్లబ్బూ వెనకే దిగుతుంది. అప్పుడు బంతిని పైకి లేపడానికి మణికట్లతో గరిటెలా తోడతారు. మన బే నంబర్ నాలుగులో నిలబడి ఎవరిని చూసినా ఇదే. బంతిని మీరు లేపక్కర్లేదు, క్లబ్బు ముఖానికి ఉన్న వాలు లేపుతుంది. బంతి, క్లబ్బు కలిసి ఉండేది సెకనులో దాదాపు రెండువేలో వంతు. ఆ కాస్తలో చేత్తో దిద్దుకోవడం ఎవరి తరమూ కాదు, అంతకుముందే బరువు ఎడమ కాలికి మారిపోయి ఉండాలి. వెనక్కి తీసుకెళ్ళిన క్లబ్బు కిందికి వచ్చేటప్పుడు ముందు కదలాల్సింది చేతులు కాదు. ఎడమ పాదం నేలని నొక్కుతుంది, నడుం తిరుగుతుంది, ఛాతీ తిరుగుతుంది, చేతులు వాటి వెనకాల వస్తాయి, క్లబ్బు అన్నిటికంటే ఆఖరున. బంతి వెళ్ళాక తల దానంతటది లేస్తుంది, లేవనివ్వండి. చివర్లో బెల్టు బకిల్ కొట్టిన దిక్కు చూడాలి, కుడి మడమ గాల్లో ఉండాలి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా తూలకుండా నిలబడాలి. ఎడమచేతి వాటం వాళ్ళు తిప్పి చదువుకోండి. గ్రిప్ (క్లబ్బు పట్టుకునే తీరు) గురించి రాయను, అది మీకు బాగానే వచ్చు.

ఇక ఏం చెయ్యాలన్నదానికి నెలన్నర తన్నుకున్నాను. మందం మ్యాట్లు కొత్తవి కొందామంటే నాలుగు నెలల అద్దెంత అవుతుంది. అవీ కొంత దాస్తాయి, పల్చవాటంత కాదంతే. గడ్డి పెంచుదామంటే ఇన్ని చేతుల కింద వారంలో బోడిగుండు అవుతుంది. మిగిలింది ఇసుక. ఇసుక అబద్ధమాడదు, నా భయం కూడా అదే. మా ఆవిడ లెక్కల పుస్తకం మూసి అడిగింది: "రేపట్నుంచి మేనేజరు గారు రోజూ పొద్దున్నే ఓడిపోయి ఇంటికెళ్తారు. నెలకి డబ్బులు కట్టి ఎవరైనా ఓడిపోతారేటండీ?" నా దగ్గర సమాధానం లేదు. మ్యాట్లు నాలుగు ఉంచి, ఇసుక నాలుగు పెడదామా అనుకున్నాను. అలా చేస్తే అందరూ మ్యాట్ల దగ్గరే క్యూ కడతారు, నేనైనా అంతే.

ఒక రాత్రి మీరంతా వెళ్ళాక ఎనిమిదో బే వెనక జానెడు లోతు గొయ్యి తవ్వి, ఇసుకలో కాస్త ఎర్రమట్టి కలిపి నింపి, నీళ్ళు చల్లి చెక్కతో చదును చేశాను. మా ఆవిడ ముగ్గుపిండితో అడ్డంగా ఒక గీత గీసింది. బంతి లేకుండా ఆ గీత మీద పది స్వింగులు చేశాను. క్లబ్బు తాకిన మచ్చ గీత దగ్గర మొదలై ముందుకి పోతే సరైనట్టు. పదిలో నాలుగు మచ్చలు గీతకి వెనక ఉన్నాయి. నావి! ముగ్గు చెక్కుచెదరకుండా తెల్లగా నవ్వుతూ ఉంది, వెనకాల గుంట. మూడేళ్ళు నేనూ ఆ మ్యాట్ మీదే కొట్టాను మరి. టార్చి పట్టుకున్న మా ఆవిడ ఏమీ అనలేదు, ఇంకో గీత గీసింది. పొద్దున్నే ట్రాక్టరు వాడికి ఫోన్ చేశాను.

సోమవారం నుంచి పద్ధతి ఇది. ముందు ముప్పై స్వింగులు బంతి లేకుండా, గీత మీద. తర్వాత గోనె సంచి. జనపనార మిల్లుల ఊళ్ళో గోనెకి కరువేముంది, పాత గుడ్డలు కుక్కి నాలుగు తయారుచేశాను. దాన్ని కొట్టినప్పుడు మీ చేతులు క్లబ్బు తల కంటే ముందు ఉండాలి, ఎడమ కాలు బరువు మొయ్యాలి. ఆ తర్వాతే బంతులు. వల మీద నడిమధ్య ఎర్ర రిబ్బను కట్టాను. బంతి బయల్దేరే దిక్కు ఎక్కువగా క్లబ్బు ముఖం చూసే దిక్కే కాబట్టి, రిబ్బనుకి ఎటు తగిలిందో చూస్తే ముఖం సంగతి మూడు గజాల్లోనే తెలిసిపోతుంది. గాల్లో ఎంత వంకర తిరిగేదో మాత్రం నెట్ చెప్పలేదు, నేనూ ఇక చెప్పినట్టు నటించను. నెలకొకసారి అందరం కలిసి కోర్సుకి వెళ్దాం.

ఎనిమిదో బేలో ఒక్క మ్యాట్ ఉంటుంది, డ్రైవర్‌కి (దూరం కొట్టే పెద్ద క్లబ్బుకి) మాత్రమే. డ్రైవర్ షాట్‌లో బంతి టీ అనే చిన్న పుల్ల మీద ఉంటుంది, క్లబ్బు కాస్త పైకి లేస్తూ తాకుతుంది, అక్కడ మ్యాట్ దాచేది పెద్దగా ఉండదు. కానీ ఇసుకలో పదికి ఏడు మచ్చలు గీతకి ముందు పెట్టినవాళ్ళకే ఎనిమిదో బే. ఎంత పాత కస్టమరైనా, ఎంత బతిమాలినా సరే. కుర్రాళ్ళు ముఖ్యంగా వినండి, డ్రైవర్ కోసమే మీరొస్తారని నాకు తెలుసు.

ఈ నెల ఫీజు కట్టినవాళ్ళకి ఇంకో పదిహేను రోజులు ఉచితం. ఇసుక వద్దనుకునేవాళ్ళకి మిగిలిన రోజుల డబ్బు ఆ రోజే ఇచ్చేస్తాను, కారణం అడగను. బాధ మాత్రం పడతాను. టైమింగులు మారలేదు. పాత బూట్లు తెచ్చుకోండి. ఇసుకకి పొద్దున్న అయిదున్నరకే నీళ్ళు కొడతాను, ఆరింటికి వచ్చేవాళ్ళ కాళ్ళు బురదవుతాయి. బోరు దగ్గర బకెట్టు, మగ్గు పెడుతున్నాను.

మేనేజరు గారూ, మీ బే మూడోదే, మార్చలేదు.

తీసేసిన ఏడు మ్యాట్లు షెడ్డు వెనక చుట్టి పెట్టాను. తిరిగి పంపాలంటే లారీ ఖర్చు నాదేనట. గుమ్మం ముందు వేసుకోవడానికి ఎవరికైనా కావాలంటే పట్టుకెళ్ళండి.