ఏడు టికెట్లు క్లోజ్ చేశారు, ఒక్కసారి కూడా చదవలేదు

పాటల యాప్ కస్టమర్ కేర్ వాళ్లకి, వాళ్ల పైన మేనేజర్ అంటూ ఎవరైనా ఉంటే ఆయనకీ,

ఇది నేను మీకు రాస్తున్న ఎనిమిదో ఉత్తరం. ముందు ఏడింటికీ టికెట్ నంబర్ వచ్చింది, తర్వాత "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెయిల్ వచ్చింది, ఆ కిందనే ఎన్ని స్టార్లు ఇస్తారు అని అడిగారు. ఏం పరిష్కరించారో మాత్రం ఏ మెయిల్లోనూ లేదు. నాకు పాటలు పోయినందుకు ఎంత బాధో, మూడు వారాలుగా గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నందుకు అంతకి రెండింతలు కోపంగా ఉంది, అందుకే ఈసారి మొత్తం రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తా. ఫైనల్ ఇయర్ అయిపోయింది, స్టూడెంట్ ప్లాన్ గడువు తీరింది, మామూలు ప్లాన్‌కి మారమంటే మారాను, డబ్బులు కట్టాను. అదే రాత్రి మేం అయిదుగురం కలిసి నాలుగేళ్లు కట్టుకున్న ప్లేలిస్ట్ తెరిస్తే ఖాళీ. పేరుంది, పైన బొమ్మ ఉంది, పాటలు లేవు. 612 పాటలు. మిగతా నలుగురూ అందులో ఉన్నట్టు కూడా చూపించట్లేదు.

మొదట చాట్‌లో అడిగాను. అక్కడ ఉన్నది మనిషి కాదని నాలుగు మెసేజ్‌ల తర్వాత అర్థమైంది. "మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అంటుంది, కింద నాలుగు బటన్లు ఇస్తుంది, పేమెంట్, పాస్‌వర్డ్, డౌన్‌లోడ్, ఇతరములు. ఇతరములు నొక్కితే మళ్లీ అవే నాలుగు బటన్లు. ఒక అరగంట తర్వాత ఎట్టకేలకు ఒక ఏజెంట్ వచ్చాడు, మొత్తం చెప్పాను, లాగౌట్ అయి లాగిన్ అవ్వమన్నాడు. అయ్యాను. రాలేదు. వచ్చి చూసేసరికి చాట్ మూసేశాడు.

రెండో ఆవిడ యాప్ తీసేసి మళ్లీ వేసుకోమంది. నేను ఒకటికి రెండుసార్లు అడిగాను, డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పాటలకి ఏం కాదు కదా అని. ఏం కాదు సార్ అంది. తీసేశాను. ఫోన్‌లో మిగిలిన ఆ కాసిని పాటలు కూడా పోయాయి. ఇది చెప్దామని మళ్లీ చాట్‌కి వస్తే మూడో అతను, ముందు ఆవిడ ఏం చెప్పిందో అతనికి కనిపించదంట, మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. అంతా విని, "ప్లేలిస్ట్ ఎవరిదో వాళ్లనే మమ్మల్ని కాంటాక్ట్ అవ్వమనండి" అన్నాడు. రామాయణం అంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టు. అది నాదే బాబూ, నా అకౌంట్ నుంచే మాట్లాడుతున్నా అంటే, అయితే ఆధారం పంపమన్నాడు, పాటలు ఉన్నప్పటి స్క్రీన్‌షాట్ కావాలంట. ఇంట్లో దొంగలు పడితే పోయిన సామాను ఫొటోలు చూపించమన్నట్టుంది. 612 పాటల ప్లేలిస్ట్‌కి రోజూ స్క్రీన్‌షాట్లు ఎవరు తీసి పెట్టుకుంటారండీ?

ఫోన్ కూడా చేశాను. నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టారు, అదే ట్యూన్ తిరిగి తిరిగి. పాటల కంపెనీకి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క నలభై నిమిషాలు విన్నాను. తర్వాత ఒకాయన ఎత్తి, ఇది స్పెషలిస్ట్ టీమ్ చూస్తుంది, 48 నుంచి 72 గంటలు పడుతుంది అన్నాడు. ఆ 72 గంటలు ఇప్పటికి ఆరుసార్లు అయిపోయాయి. ఆ స్పెషలిస్ట్ టీమ్ నుంచి ఒకే ఒక్క మెయిల్ వచ్చింది, అర్ధరాత్రి రెండింటికి, ఆత్రంగా లేచి చూశాను, అందులో "స్టూడెంట్ ప్లాన్ మీద ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు" అని ఉంది. ఇంకో ఏజెంట్ అయితే, కొత్త ప్లేలిస్ట్ చేసుకోండి సార్, మీ అభిరుచికి తగ్గట్టు మా యాప్ పాటలు చూపిస్తుంది అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో ఇప్పుడు చెప్తా, ఒక్కరు తప్ప ఏ ఏజెంటూ ఇక్కడిదాకా చెప్పనివ్వలేదు.

ఫస్ట్ ఇయర్లో నాకు తెలిసింది సినిమా పాటలు, ఇంట్లో అలవాటైన కొంచెం కర్ణాటక సంగీతం, అంతే. మా రూమ్మేట్ చెవిలో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. ఒకరాత్రి కరెంటు లేదు, హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాం, ఏం వింటున్నావురా అంటే ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టాడు. ఆ వైరు పొట్టిది, ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. ఒకావిడ పాడుతోంది, భాష తెలీదు, గొంతులో తొందర లేదు. పేరు సెసారియా ఎవోరా అన్నాడు, అట్లాంటిక్ సముద్రంలో కేప్ వెర్డే అనే దీవుల దేశం ఆవిడది, స్టేజీ మీద చెప్పుల్లేకుండా నిలబడి పాడేదంట, యాభై ఏళ్లు దగ్గరపడ్డాకే ప్రపంచానికి తెలిసిందంట, 2011లో పోయింది అన్నాడు. ఆ ఒక్క పాటతో నా చెవులు మారిపోయాయి. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పాడు, 1979లో సోనీ వాళ్లు మొదటి వాక్‌మన్ తెచ్చినప్పుడు దానికి హెడ్‌ఫోన్లు పెట్టుకునే రంధ్రాలు రెండు ఉండేవంట, ఇద్దరు కలిసి వినడానికి. ఎవరికి వాళ్లు వినే యంత్రం చేసినవాళ్లకి కూడా పక్కన ఇంకొకరు ఉంటారని తోచింది.

మర్నాడే ప్లేలిస్ట్ మొదలుపెట్టాం. మా క్లాస్ అమ్మాయిలు ఇద్దరు, పక్క రూమ్ వాడు కలిశారు. వాళ్ల హాస్టల్ వేరు, మా హాస్టల్ వేరు, అందరం ఒకచోట కూర్చుని వినే వీల్లేదు, అందుకే మీ యాప్. రూల్ ఒక్కటే, ఎవరు పాట పెట్టినా మిగతావాళ్లు స్కిప్ చేయకుండా పూర్తిగా వినాలి, తర్వాత తిట్టుకోవచ్చు. తిట్టుకున్నాం కూడా, పొద్దున్న క్లాస్‌కి వెళ్లేలోపు కారిడార్లో పెద్ద గొడవ, ఇదేం పాటరా అని. అలా తిట్టుకున్న పాటలే నెల తర్వాత అందరూ కూనిరాగం తీసేవాళ్లు.

ఒకమ్మాయి తినారివెన్‌ని తెచ్చింది, సహారా ఎడారిలో తువారెగ్ జనం బ్యాండ్ అది. ఖాళీ క్యాసెట్ తీసుకొచ్చి ఇస్తే చాలు, డబ్బులు తీసుకోకుండా పాటలు రికార్డ్ చేసి ఇచ్చేవాళ్లంట, ఆ క్యాసెట్లు ఎడారంతా చేతులు మారుతూ తిరిగాయంట, అదే బ్యాండ్‌కి 2012లో గ్రామీ వచ్చింది. పక్క రూమ్ వాడు రోడ్రిగెజ్ అని ఒకాయన్ని పెట్టాడు, అమెరికాలో 1970లో ఒకటి, 1971లో ఒకటి ఆల్బమ్ చేస్తే అక్కడ ఎవరూ పట్టించుకోలేదు, దక్షిణాఫ్రికాలో మాత్రం జనం టేపులు కాపీ చేసుకుని ఒకరికొకరు ఇచ్చుకుని ఆయన్ని పెద్ద స్టార్‌ని చేశారు, ఆ సంగతి ఏళ్ల తరబడి ఆయనకే తెలీదు, 1998లో అక్కడికి వెళ్లి కచేరీలు చేశాడు. ఇదంతా నేను ఎందుకు చెప్తున్నానంటే, పాటలు ఎప్పుడూ అలాగే నడిచాయి, ఒక చెయ్యి ఇంకో చేతికిస్తే. మీ యాప్ నేను విన్నదాన్ని చూసి, నాలాంటివాళ్లు ఇంకేం విన్నారో చూసి, దానికి దగ్గరగా ఉన్నదే తెచ్చి ముందు పెడుతుంది. తప్పని అనట్లేదు, అలా దొరికినవీ ఉన్నాయి. కానీ సినిమా పాటలు వినేవాడికి ఎడారి గిటార్ ఇచ్చింది యాప్ కాదు, ఫ్రెండ్. అది కొత్త ప్లేలిస్ట్‌లో మీరు తెచ్చివ్వగలిగేది కాదు.

నా వంతు వచ్చినప్పుడు నేను మాండొలిన్ యు. శ్రీనివాస్ గారిది పెట్టాను. మా రూమ్మేట్ పగలబడి నవ్వాడు, మాండొలిన్ మీద కీర్తన ఏంట్రా అని. రూల్ ప్రకారం పూర్తిగా విన్నాడు. అయ్యాక నవ్వలేదు, మళ్లీ పెట్టు అన్నాడు. దాని తర్వాత కద్రి గోపాల్‌నాథ్ గారి శాక్సాఫోన్ వినిపించాను, ఆ రాత్రి ఇద్దరం పడుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా రూమ్మేట్ థర్డ్ ఇయర్ మధ్యలో చదువు మానేసి వెళ్లిపోయాడు. ఇంట్లో ఏవో ఇబ్బందులు, మాకు సరిగ్గా చెప్పలేదు. నంబర్ మార్చాడు, మెసేజ్‌లకి జవాబు లేదు. కానీ ప్లేలిస్ట్ లోంచి మాత్రం వెళ్లలేదు. రెండు నెలలకో మూడు నెలలకో, ఏ అర్ధరాత్రో ఒక పాట వచ్చి చేరేది, పక్కన వాడి పేరు, తేదీ. అది చూడగానే మేం నలుగురం ఒకరికొకరం ఫోన్ చేసుకునేవాళ్లం, వాడు పాట పెట్టాడు, బాగానే ఉన్నాడు అని. మేం కూడా దాని కింద ఒక పాట పెట్టేవాళ్లం. ఏడాదిన్నర వాడితో మా మాటలు అంతే. ప్లేలిస్ట్ ఖాళీ అవడానికి పది రోజుల ముందు వాడు ఆఖరిగా పెట్టింది శ్రీనివాస్ గారి మాండొలిన్. ఫస్ట్ ఇయర్లో నవ్వినవాడు. దాని కింద నేను పెట్టాల్సిన పాట ఇంకా వెతుకుతూనే ఉన్నాను, ఈలోగా మీరు తలుపు మూసేశారు.

ఇది ఒక ఏజెంట్‌కి టైప్ చేశాను, సిగ్గు విడిచి మొత్తం. "మీ ఓపికకి ధన్యవాదాలు, ఇంకేమైనా సహాయం కావాలా" అని వచ్చింది. ఇంకేమైనా అట. అసలు మొదటిది ఎక్కడ చేశారు?

గుర్తున్నంతవరకు తిరిగి కట్టుకుందామని కూర్చున్నాం, నలుగురం కలిసి రెండొందలు కూడా దాటలేదు. కొన్ని పాటల పేర్లు మాకు చదవడం రాని లిపుల్లో ఉన్నాయి, వెతుకుదామన్నా ఏం టైప్ చేయాలి? రాగం గుర్తుంది, కూని తీస్తాం, దానికి మీ సెర్చ్ జవాబు చెప్పదు.

నాలుగేళ్లలో ఒక్క నెల కూడా డబ్బులు ఆపలేదు నేను. పరీక్షలప్పుడు యాప్ తెరవని నెలలకి కూడా కట్టాను. మా హాస్టల్లో మీ యాప్ ఎవరూ వాడని రోజుల్లో రూమ్ రూమ్‌కీ తిరిగి వేయించింది నేను, జూనియర్లకి స్టూడెంట్ వెరిఫికేషన్ దగ్గరుండి చేయించింది నేను. అప్పుడు మీకు నేను ఎవరో బాగా తెలుసు, నెలనెలా పేరు పెట్టి పిలిచి మెయిల్స్ పంపారు. ఇప్పుడు "ప్రియమైన కస్టమర్" అయిపోయాను.

నేను డబ్బులు వాపసు అడగట్లేదు, ఫ్రీగా ఒక నెల ఇస్తామని ఒకాయన అన్నాడు, అదీ వద్దు. ఆ ప్లేలిస్ట్ మీ దగ్గర ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికించండి. దొరక్కపోతే దొరకలేదని ఒక మనిషి నాకు సూటిగా చెప్పండి, ఎందుకు పోయిందో చెప్పండి. ఇంకొకటి, వాడి వివరాలు నాకు ఇవ్వమని అడగను, ఇవ్వకూడదని నాకూ తెలుసు, కానీ వాడి అకౌంట్‌కి మీ తరఫున ఒక్క మెయిల్ పంపొచ్చు కదా, ప్లేలిస్ట్ మేం తీసేయలేదు, కంపెనీ వల్ల పోయింది, మీ వాళ్లు మిమ్మల్ని వెతుకుతున్నారు అని. వాడు తెరిచి చూసి, తనని మేమే తీసేశాం అనుకుంటే? మూడు వారాలుగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి అదే.

ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇదే తంతయితే నాదీ, మిగతా ముగ్గురిదీ అకౌంట్లు తీసేస్తాం, నేను వేయించిన ప్రతి జూనియర్‌కీ నేనే ఫోన్ చేసి తీసేయమని చెప్తా, మీ ఏడు మెయిల్సూ ప్రింట్ తీసి వినియోగదారుల కోర్టులో పెడతా. ఊరికే బెదిరింపు అనుకోకండి, కాగితాలన్నీ ఫైల్ చేసి పెట్టుకున్నాను.

జవాబు రాసేవాళ్లకి ఒక్క మాట. మా వాడు ఆఖరిగా పెట్టిన పాట ఏ వాద్యం మీద వాయించిందో ఆ పేరు మీ జవాబులో మొదటి లైన్లో రాయండి. అది లేకుండా వచ్చిన మెయిల్ నేను తెరవను.

ఇట్లు,
నాలుగేళ్లుగా మీ కస్టమర్