మొక్క గుంతలో మట్టి ఏది?

సంపాదకునికి,

మా వీధిలో మూడేళ్ల క్రితం నాటిన కానుగ మొక్కలు ఇప్పటికీ నడుమెత్తు దాటలేదు. ట్యాంకరు వచ్చి నీళ్లు పోస్తూనే ఉంది. మొన్న ఒకటి ఎండిపోతే గడ్డపారతో తవ్వి చూశాను. జానెడు లోతులోనే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. నర్సరీ కవరు కూడా విప్పకుండా పాతేశారు! వేళ్లు అందులోనే గుండ్రంగా చుట్టుకుపోయాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంది.

మంచి నేలలో దాదాపు సగం ఖాళీ జాగానే ఉంటుంది. గాలి, నీరు నిలిచేది అక్కడే. రోలరు తొక్కిన నేలలో ఆ ఖాళీ మిగలదు, పోసిన నీరు పైపైనే జారిపోతుంది. సిమెంటు సున్నం కలిస్తే క్షారం పెరిగి ఇనుము వేళ్లకు అందదు. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి ఆకు పసుపెక్కేది చాలాసార్లు ఇందువల్లే.

ఇన్ని మొక్కలు నాటామని లెక్క చెప్పే ముందు నగరపాలక సంస్థ అధికారులు గుంతలో ఎర్రమట్టి, పశువుల ఎరువు పడ్డాయో లేదో చూడాలి. రాజేంద్రనగర్ ఉద్యాన కళాశాల వారితో వీధుల వారీగా మట్టి పరీక్షలు చేయించాలి. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఆ పని ఇక్కడా ఈ వానాకాలంలోపే మొదలుపెట్టాలి.

– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్