ఆ ఐసీ మార్చాల్సిన పనే లేదు

మా షాపులో పాత ట్యూబ్ టీవీలు రిపేరు చేయించుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. ఈమధ్య ఒకే సెట్టు మూడుసార్లు నా బల్ల మీదికి వచ్చింది. తప్పు నాదే.

బొమ్మ పైభాగం కుంగిపోయి మనుషుల తలలు నొక్కేసినట్టుండేవి. పై అంచున తెల్లటి గీతలు. చూడగానే వర్టికల్ ఐసీ, అంటే బొమ్మని పైనుంచి కిందిదాకా పరిచే చిప్ పోయిందన్నాను, మార్చాను. ఆన్ చేస్తే బొమ్మ నిండుగా వచ్చింది. రెండో రోజే మళ్లీ అదే కంప్లయింట్. ఈసారి ఆ భాగమంతా తిరిగి సోల్డర్ చేశాను. మళ్లీ బాగానే కనిపించింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"పొద్దున వేయగానే ఇలా ఉంటుందండీ, పది నిమిషాలకి అదే సర్దుకుంటుంది" అని సెట్టు తెచ్చిన ఆవిడ మొదటిరోజే చెప్పారు. నేను తలూపాను తప్ప వినలేదు. జబ్బు ఏమిటో ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ ఐసీ వేడిని లాగే హీట్ సింక్ పక్కన చిటికెన వేలి గోరంత కెపాసిటర్ ఒకటి లోపల ఎండిపోయింది. ఉబ్బు లేదు, కారిన మరక లేదు, మామూలు మీటర్‌లో విలువ కూడా సరిగ్గానే చూపించింది. కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటర్ పెడితే దొరికింది. ఇలాంటివి చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తాయి, వేడెక్కితే తేరుకుంటాయి. నా సోల్డరింగ్ వేడికే అది తేరుకుంటుంటే, రిపేరు కుదిరిందని నేను మురిసిపోయాను. ఐసీకి తీసుకున్న డబ్బు ఆవిడకి తిరిగి ఇచ్చేశాను.

ఇకమీదట వర్టికల్ కంప్లయింట్ ఉన్న సెట్టుని ఒక రాత్రి ఆపి ఉంచి, పొద్దున చల్లగా ఆన్ చేసి చూశాకే ఇస్తాను. ఒక రోజు ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. మీరు కూడా లోపం ఎప్పుడు మొదలవుతుందో గమనించి చెప్పండి. పక్కన తడితే బొమ్మ మారుతుందా? అలాగైతే చాలావరకు డ్రై సోల్డరే, అంటే సోల్డర్ అతుకు వదిలిందన్నమాట. తెల్లటి సీన్ వచ్చినప్పుడల్లా బొమ్మ మొత్తం ఉబ్బుతుందా? అది హై వోల్టేజీ వైపు సమస్య. ఆ వోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌నే ఎల్‌ఓటీ అంటారు. ఎల్‌ఓటీ మార్చాల్సి వస్తే మాత్రం ముందే చెబుతున్నా, చాలా మోడళ్లకి కొత్తది దొరకడం లేదు. పాత సెట్టులోంచి తీసి వేస్తే దానికి గ్యారంటీ ఇవ్వలేను.

మూలల్లో రంగు మచ్చలు వస్తే వెంటనే మోసుకురాకండి. పక్కన స్పీకర్లుంటే దూరం జరపండి. రిమోట్‌తో కాకుండా మెయిన్ స్విచ్ దగ్గరే ఆపి, అరగంట ఆగి వేయండి. అలా రెండు మూడు రోజులు చేసినా మచ్చ పోకపోతే అప్పుడు తీసుకురండి. వెనక మూత మాత్రం విప్పవద్దు. కలర్ సెట్టులో ట్యూబ్‌కి ఇరవై వేల వోల్టుల పైనే అందుతుంది, ప్లగ్ తీసేశాక కూడా కొంత ఛార్జ్ లోపల నిలిచి ఉండొచ్చు.

గత ఆరు నెలల్లో నా దగ్గర వర్టికల్ ఐసీ మార్పించుకున్నాక కూడా బొమ్మ కుంగుతుంటే, సెట్టుని పొద్దున్నే ఆన్ చేయకుండా తీసుకురండి. డబ్బు తీసుకోను.