వలస పరిశోధనలో సెటిల్‌మెంట్ వర్కర్లకూ చోటివ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

కెనడా వెళ్తున్న తెలుగు విద్యార్థుల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు, వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో కన్సల్టెన్సీల అభిప్రాయాలు, ప్రభుత్వ గణాంకాలు, ఆచార్యుల విశ్లేషణలు ఉంటున్నాయి. కొత్తగా దిగినవారికి అద్దె ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి, ఆరోగ్య కార్డు వంటి విషయాల్లో దారి చూపే సెటిల్‌మెంట్ వర్కర్ల మాట మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. ఒంటారియోలో ఆ పని చేస్తున్న తెలుగువాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

క్యూబెక్ మినహా మిగతా కెనడాలో ఈ సేవలకు ప్రధానంగా ఫెడరల్ ప్రభుత్వమే నిధులిస్తుంది. స్వచ్ఛంద సంస్థలు వాటిని నడుపుతాయి. ఎవరికి ఏ సేవ అందిందో ‘ఐకేర్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో మేం నమోదు చేస్తాం. అయితే ఆ నిధులతో సేవలు పొందే అర్హత ముఖ్యంగా పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చినవారికి, శరణార్థులుగా గుర్తింపు పొందినవారికే ఉంది. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవారిలో అత్యధికులకు లేదు. కొన్ని ప్రావిన్సులు సొంత నిధులతో కొంత ఆదుకుంటున్నా, అది అన్నిచోట్లా ఒకేలా లేదు.

స్టడీ పర్మిట్ మీద వచ్చి, బేస్‌మెంట్‌లో ఒకే గదిని మరో ముగ్గురితో పంచుకుంటున్న కుర్రాడు మా దగ్గరికి వస్తాడు. చివరి నెల అద్దె ముందే కట్టించుకున్న ఇంటి యజమాని, డ్యామేజీ డిపాజిట్ పేరుతో మరో నెల అద్దె నగదుగా తీసుకుని రసీదు కూడా ఇవ్వలేదు. ఒంటారియో చట్టం ప్రకారం అలాంటి డిపాజిట్ అడగకూడదని ఆ అబ్బాయికి తెలియదు. ఆ మాట చెప్పి, ఎక్కడ ఫిర్యాదు చేయాలో కాగితం మీద రాసిస్తాం గానీ అతని పేరున ఫైలు తెరవలేం. ఫైలు లేనివాడు గణాంకాల్లోకి రాడు. ఆ గణాంకాలే ఆధారంగా రేపు ఎవరైనా కొత్తవారి ఇళ్ల ఇబ్బందులపై నివేదిక రాస్తే, అందులో ఈ కుర్రాడి ఊసే ఉండదు. 2022లో తాత్కాలిక పర్మిట్లపై వచ్చిన ఉక్రెయిన్ వారికి ప్రభుత్వం ఇవే సేవలు అందించింది. అది ఎంతో మంచి నిర్ణయం. అర్హత నిబంధన మార్చరానిది కాదని దానివల్లే తేలింది.

విశ్వవిద్యాలయాల వారు మా దగ్గరికి రాకపోరు. ఇంటర్వ్యూలకు మనుషులను చూపించమంటారు. మేం ఫోన్లు చేసి, భయం పోగొట్టి, ఇంగ్లిష్ రానివారి పక్కన కూర్చుని వారి మాటలు అనువదిస్తాం. కానీ ప్రశ్నలు అప్పటికే ఖరారై ఉంటాయి. ఏం అడగాలో నిర్ణయించే దశలోనే మమ్మల్ని కూర్చోబెట్టాలి. ఆ గంటలకు పరిశోధన నిధుల నుంచే వేతనమివ్వాలి. మా సంస్థల ఒప్పందాల్లో అలాంటి పనికి సాధారణంగా సమయమే కేటాయించరు. మాకు కనిపించేది కష్టంలో తలుపు తట్టినవారే కాబట్టి మా అనుభవాన్నే మొత్తం వాస్తవమని అనుకోకూడదు. దాన్ని సరిచూసే పద్ధతి పరిశోధకుల దగ్గర ఉంది. వచ్చినవారి అనుమతి లేకుండా వారి వివరాలేవీ బయటికి పోకూడదన్నది మాత్రం రాజీ లేని షరతు.

2024 జనవరిలో స్టడీ పర్మిట్లపై పరిమితి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, 2025కు అనుకున్న 5,00,000 పీఆర్‌ల లక్ష్యాన్ని 3,95,000కు తగ్గించారు. ఇక్కడే ఉన్న మన పిల్లల అయోమయం ఎంతో పెరిగింది. తెలుగు రాష్ట్రాల్లో విదేశీ వలసలపై అధ్యయనం చేసే విశ్వవిద్యాలయాలు, ప్రయాణానికి ముందు అవగాహన సదస్సులు పెట్టే ప్రభుత్వ విభాగాలు తమ ప్రశ్నావళులు, కరపత్రాలు అచ్చుకు పంపకముందే టొరంటో, బ్రాంప్టన్ వంటి చోట్ల పనిచేస్తున్న తెలుగు సెటిల్‌మెంట్ వర్కర్లకు ఒకసారి చూపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సెటిల్‌మెంట్ వర్కర్,
బ్రాంప్టన్, ఒంటారియో